మన స్వభావానికి ఎవరి కొలత?

కొత్తదనంపై ఆసక్తి, పనిలో క్రమం, కలుపుగోలుతనం, సర్దుకుపోయే గుణం, ఆందోళన. మనిషి స్వభావాన్ని ఈ అయిదింటితో కొలవొచ్చని మనస్తత్వ శాస్త్రంలో ఒక నమూనా చెబుతుంది. సాధనం ప్రశ్నల కాగితం. ‘కొత్తవాళ్లతో చొరవగా మాట్లాడతాను’ లాంటి వాక్యాల పక్కన ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేయాలి.

శ్రీశైలం చుట్టూ ఉన్న చెంచుగూడేల్లో కొత్తవాళ్లంటే ఎవరు? చాలాసార్లు ఫారెస్టువాళ్లు, ఆఫీసువాళ్లు. వాళ్ల ముందు మాట తగ్గించడం జాగ్రత్త. మా పిల్లవాడు ‘ఒకటి’ వేస్తే కాగితం వాణ్ని ముడుచుకుపోయే మనిషి అంటుంది. తేనె కోసం కొండచరియ దిగేవాడు, పైన తాడు పట్టినవాడి చేతిలో ప్రాణం పెడతాడే, ఆ నమ్మకానికి ఏ అంకె వేస్తారు?

ఇది మా ఉక్రోషమని కొట్టిపారేయకండి. బొలీవియా అడవుల్లో వేట, సేద్యాలతో బతికే చిమానే ప్రజల్లో 632 మందిని వాళ్ల భాషలోనే ఇలా అడిగారు. 2013లో అచ్చయిన ఆ పరిశోధనలో ఈ అయిదూ తేలలేదు. నలుగురితో మెలిగే తీరు, కష్టపడే తీరు, ఈ రెండే కాస్త స్పష్టంగా కనిపించాయి.

1943లో చెంచుల మీద పుస్తకం వేసిన హైమన్‌డార్ఫ్ గూడేల్లో ఉండి చూశాడు. అదీ బయటి చూపే, కాకపోతే దగ్గరి చూపు. అయ్యవార్లూ, ‘బిడియస్తుడు’ అని రాసేముందు ఆ పిల్లవాణ్ని వాడి గూడెంలో, వాడి వాళ్ల మధ్య ఒక్కసారైనా చూశారా?