ఇది నచ్చింది, ఇంకేం చూడమంటారు?

"ఇది నచ్చింది, ఇంకేం చూడమంటారు?" అని అడగడం అంటే తన ఇష్టాన్ని నమ్మకంగా ఎదుటివాళ్ల చేతిలో పెట్టడమే. స్త్రీల చదువులో ఈ ప్రశ్నకి చాలా చరిత్ర ఉంది. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లని చింపి, కుట్టి, అట్ట వేసి ఇరుగుపొరుగుకి ఇచ్చిన రోజుల్లో "ఇది చదివావా, అయితే అదీ చదువు" అన్న మాటే మనకి గ్రంథాలయం, అదే మనకి విమర్శ. ఇప్పుడు ఆ ప్రశ్న జపాన్ యానిమే గురించి వినిపిస్తోంది. 2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ వచ్చాక, పదో తరగతి అవగానే పల్లెలు వదిలి ఆరేళ్లు హాస్టల్లో ఉండి చదివే ఆడపిల్లలు ఈ మామిడితోటల మధ్య కనిపించడం మామూలైంది. వాళ్లూ, చుట్టుపక్కల కాలేజీల పిల్లలూ "ఇలాంటిదే ఇంకోటి చెప్పండి మేడమ్" అంటున్నారు. "ఇలాంటిదే" అన్న మాటకి అర్థమేమిటన్నది సాహిత్య విమర్శకి సంబంధించిన ప్రశ్న కూడా.

ఈ పిల్లలు డోరెమాన్, షిన్‌చాన్ తెలుగు మాటలతో చూస్తూ పెరిగినవాళ్లు. వాళ్లకి తెలిసిన మొదటి జపాన్ స్త్రీ బహుశా షిన్‌చాన్ తల్లి. ఇంటి అప్పు, తగ్గింపు ధరల బేరాలు, అల్లరి కొడుకు, ఇవన్నీ మోస్తూ అరిచే ఆ గృహిణిని చూసి అందరం నవ్వాం. నవ్విందెవరిని చూసి అని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత పోరాట కథలొచ్చాయి. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' తెలుగు మాటలతోనే థియేటర్లలోకి వచ్చింది. దాంతోపాటే జాబితాలూ వచ్చాయి. ఇతివృత్తం ఒకటైతే ఒక వరస, పాత్ర స్వభావం ఒకటైతే ఇంకో వరస. ఈ జాబితాల్లో స్త్రీల కోసం ఉండే గది పేరు దాదాపు ఎప్పుడూ ఒకటే: 'ధైర్యం గల అమ్మాయి'.

ఆ గదిలో నెజుకో ఉంటుంది. 'డీమన్ స్లేయర్' నాయకుడు తంజిరో చెల్లెలు. రాక్షసిగా మారినా మనుషుల పక్షాన నిలబడి పోరాడుతుంది. ధైర్యానికేం లోటు లేదు. కానీ కథలో చాలాభాగం ఆమె నోటికి వెదురు బొంగు కట్టి ఉంటుంది. పగలు అన్న వీపు మీది చెక్కపెట్టెలో ప్రయాణం చేస్తుంది. కొరకకుండా బొంగు, ఎండ తగలకుండా పెట్టె. రెండూ ప్రేమతోనే, రక్షణ కోసమే! ఆడపిల్లల హాస్టళ్ల నియమాలు తెలిసినవాళ్లకి ఈ తర్కం కొత్తగా అనిపించదు. నెజుకో నచ్చిందన్న అమ్మాయికి ఇంకో కత్తి పట్టిన అమ్మాయిని చూపించి ఊరుకుంటే ఆమె చూసినదాన్లో సగమే మనం విన్నట్టు. నేనైతే ఇసావో తకహతా 2013లో తీసిన 'ది టేల్ ఆఫ్ ది ప్రిన్సెస్ కగుయా' చూడమంటాను. పదో శతాబ్దపు జపాన్ కథ అది. వెదురులో దొరికిన పిల్లని పెంపుడు తండ్రి రాజధానికి తీసుకెళ్లి గొప్పింటి సంబంధాలు చూస్తాడు. కనుబొమలు పీకించుకోవడానికీ, పళ్లు నలుపు చేసుకోవడానికీ ఆమె మొదట ఒప్పుకోదు. అక్కడా వెదురుంది కదా అని కాదు. ప్రేమతో కట్టిన పెట్టె లోపలినుంచి ఎలా ఉంటుందో ఆ సినిమా చెబుతుంది గనుక.

అంటే పోలిక వెతకాల్సింది పాత్ర రకంలో కాదు, ఆ పాత్ర మీద పడుతున్న ఒత్తిడిలో. ఇలా వెతికితే పోలిక యానిమే దగ్గరే ఆగనక్కర్లేదు. హయావో మియజాకి 'స్పిరిటెడ్ అవే' (2001) నచ్చినవాళ్లకి జాబితాలు మాయాలోకాల కథలు చూపిస్తాయి. నేను పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ చదవమంటాను. స్నానశాల యజమానురాలు యుబాబా పని ఇస్తూ చిహిరో పేరు లాక్కుని 'సెన్' చేస్తుంది. నేల తుడుస్తూ, తొట్లు కడుగుతూ ఆ పదేళ్ల పిల్ల అసలు పేరే మరిచిపోబోతుంది. సత్యవతి కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోతుంది. చిహిరోకి తన పేరు స్నేహితులిచ్చిన వీడ్కోలు కార్డు మీద దొరుకుతుంది. శారదకి స్నేహితురాలు పేరు పెట్టి పిలిచాక గుర్తొస్తుంది. ఇద్దరికీ పేరు తిరిగిచ్చింది స్నేహమే. తేడా కూడా చూడాలి. చిహిరో ఆ స్నానశాలని వదిలి వెళ్లగలదు. శారద మళ్లీ అదే ఇంటికి వచ్చి, పేరు పెట్టి పిలవమని అడుగుతుంది. మాయాలోకం నుంచి బయటపడటం కన్నా సొంత ఇంట్లో పేరుతో ఉండటం కష్టమని ఈ రెండూ పక్కపక్కన పెడితేగాని తెలియదు.

'యుద్ధం' అన్న వర్గం కూడా ఇలాగే కొన్నిటిని దాచేస్తుంది. సునావో కతబుచి తీసిన 'ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్' (2016) ఫుమియో కౌనో అనే రచయిత్రి మాంగా ఆధారంగా వచ్చింది. హిరోషిమా పిల్ల సుజు 1944లో, పద్దెనిమిదేళ్లకి, సరిగా తెలియని మనిషిని పెళ్లాడి కురే పట్టణానికి కాపురానికి వెళ్తుంది. రేషన్ సరుకులతో వంట, ఆడపడుచు మాటలు, ఎవరూ పట్టించుకోని బొమ్మలు గీసే అలవాటు. చివరికి బాంబు పేలి బొమ్మలు గీసే ఆ కుడిచెయ్యే పోతుంది. ఇది యుద్ధ చిత్రమే. కానీ చదువు పూర్తికాకుండానే ఇంట్లో సంబంధాలు చూడటం మొదలైన అమ్మాయికి నేను ఇది చెబుతాను. అణుబాంబు కన్నా ముందు ఆ చేతి మీద ఎన్ని పనులు పడ్డాయో ఆమె లెక్కపెట్టగలదు.

నూజివీడు పిల్లలకి తప్పక చెప్పాల్సింది ఇంకొకటుంది. తకహతాదే, 1991 నాటి 'ఓన్లీ యెస్టర్‌డే'. టోక్యోలో ఉద్యోగం చేసే ఇరవయ్యేడేళ్ల తాయెకో సెలవు పెట్టి యమగత పల్లెలో కుసుమపూలు కోయడానికి వెళ్తుంది. దారి పొడుగునా అయిదో తరగతి చదివిన తనే తనకి గుర్తొస్తుంది. బడిలో నెలసరి గురించి ఆడపిల్లలకి చెప్పగానే మగపిల్లలు చేసిన వేళాకోళం, నాటకంలో వేషం వేస్తానంటే తండ్రి వద్దనడం. ముళ్ల మధ్య ఆ పూలు కోసిన పల్లెపిల్లలకి, వాటినుంచి తీసిన ఎరుపు పెదాలకి రాసుకునే యోగం లేదన్న మాట సినిమాలో వస్తుంది. మామిడి సొన చేతులకి తగిలి బొబ్బలెక్కినా కాయలు ఏరి, సైజులవారీగా పేర్చి, గడ్డి పరిచి పెట్టెలకెత్తే ఆడవాళ్ల పిల్లలకి ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. మేలైన బంగినపల్లి ఢిల్లీ దాకా వెళ్తుంది. దెబ్బ తగిలిన కాయ ఇంటికొస్తుంది.

అయితే ఇక్కడే పోలిక తిరగబడుతుంది. తాయెకో పట్నం నుంచి పల్లెకి వెళ్తే, మన అమ్మాయిది పల్లెనుంచి పట్నానికి ప్రయాణం. తాయెకోకి పొలం పది రోజుల సెలవు, మన అమ్మాయికి అది తల్లి కూలి. పట్నం పిల్ల పల్లెలో పెళ్లాడి స్థిరపడుతుందేమో అన్న ఆశతో ముగిసే ఆ కథ, తోట వదిలి బయటపడటానికి చదువుతున్న పిల్లకి అంత హాయిగా ఉండకపోవచ్చు. ఉండనక్కర్లేదు. 'నీలాంటి కథే' అని ఇచ్చినది 'నాలాంటిది కాదు' అనిపించినా ఆ సూచన పనిచేసినట్టే.

అందుకే హెచ్చరికలతో చెప్పాల్సినవీ ఉంటాయి. మమోరు హొసోడా 'వుల్ఫ్ చిల్డ్రన్' (2012)లో హానా భర్త చనిపోయాక ఇద్దరు పిల్లలతో కొండపల్లెకి వెళ్లి ఒంటరిగా వ్యవసాయం చేస్తుంది. గొప్ప సినిమా, నేను చాలామందికి చెప్పాను. కానీ ఎంత కష్టం వచ్చినా నవ్వాలని తండ్రి నేర్పిన ఆ నవ్వు చివరిదాకా చెరగదు. ఆమె అలసట ఎక్కడికి పోయింది? త్యాగమూర్తి తల్లులకి మన సినిమాల్లో కొరత లేదు, జపాన్ నుంచి ఇంకొకరిని తెచ్చుకునేటప్పుడు ఈ ప్రశ్న కూడా తెచ్చుకోవాలి.

యానిమే చూసే పిల్లల్ని బొమ్మల సినిమాల పిచ్చి అని కొట్టిపారేసే అధ్యాపకులు మనలో ఉన్నారు. ఆ పిల్లలు అడిగేది కాలక్షేపం గురించి మాత్రమే కాదు. తనకి ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో మాటల్లో పెట్టుకోవడానికి ఒక తోడు కావాలంటున్నారు. మనం జవాబు చెప్పకపోతే జాబితాలు చెబుతాయి. అవి ఒక్క ప్రశ్న మాత్రం అడగవు: "అందులో నీకు ఎక్కడ నొప్పి తగిలింది?" అది అడిగి, విని, అప్పుడు తర్వాతి సినిమా పేరో, కథ పేరో చెప్పాలి. ఆ పని చెయ్యడానికి జపాన్ భాష రానక్కర్లేదు, మన కథలు బాగా చదివి ఉండాలి.