వచ్చునా, వలెనా? — ఒక తీర్పుపై విమర్శ

దేవరకొండలో 1931వ సంవత్సరమున నిజాము రాష్ట్రమందలి ఆంధ్ర మహాసభ రెండవ పర్యాయము కూడినది. అధ్యక్షులైన బూర్గుల రామకృష్ణారావుగారు వృత్తిచే వకీలు. మాడపాటి హనుమంతరావుగారును, సురవరము ప్రతాపరెడ్డిగారును న్యాయవాదులే. ఇది కాకతాళీయము కాదు. కచేరీభాష ఉర్దూయు, రైతుభాష తెలుగునైన రాజ్యములో అర్జీ వ్రాసి, అధికారి యెదుట నోరు విప్పగలవారు వకీళ్లే. నోరులేని జనమునకు మొదట నోరైనవారు వారు.

దేవరకొండ యున్న ఆ నల్లగొండ జిల్లానుండియే, పదునెనిమిదేండ్లకు, ప్రాణములు పోవు విచారణ వకీలు లేకయే జరిగినదను మొర బయలుదేరి సర్వోన్నత న్యాయస్థానము దాక పోయినది. ఆ మొరపై 1951 మార్చి 16వ తేదీన వెలువడిన తీర్పును, జనార్దనరెడ్డి ప్రభృతులకును హైదరాబాదు రాష్ట్రమునకును నడిచిన వ్యాజ్యములోనిదానిని, నేడు విమర్శింప బూనితిమి. తీర్పును వాఙ్మయమే. ఒక మాటపై మనుష్యుని ప్రాణము వ్రేలాడునపుడు ఆ మాట బరువు తూచుట విమర్శకునికి తగని పని కాదు.

కథ క్లుప్తముగా నిది. 1948 సెప్టెంబరు పోలీసుచర్య పిమ్మట హైదరాబాదు రాష్ట్రమున ప్రత్యేక న్యాయస్థానము లేర్పడినవి. రైతు పోరాటకాలపు హత్యలకై నల్లగొండ జిల్లావాసులు కొందరికి 1949 ఆగస్టులో అవి మరణశిక్ష విధించినవి. డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు దానిని ఖాయపరచినది. ఇంగ్లండునుండి వచ్చిన డి. ఎన్. ప్రిట్ అను ప్రసిద్ధ న్యాయవాది ఖైదీల పక్షమున వాదించెను. వకీలును పెట్టుకొనుటకు తమకు తగిన అవకాశ మీయలేదనుట వారి ఫిర్యాదులలో ముఖ్యమైనది.

తీర్పునకు ఆధారమైన శాసనవాక్యముయొక్క భావము: నిందితుడు వకీలుచేత తన పక్షము చెప్పించుకొనవచ్చును. ఇందలి కీలకమంతయు ‘వచ్చును’ అనుటలో నున్నది. మన భాషలో ‘వచ్చును’ అనునది అనుమతి, ‘వలెను’ అనునది విధి. ‘బావిలో నీళ్లు తోడుకొనవచ్చును’ అన్నంత మాత్రమున చేదలేనివాని దాహము తీరదు. అది అనుమతి యేగాని వకీలును సమకూర్చు బాధ్యత సర్కారుది కాదనియు, వకీలు లేనంత మాత్రమున మరణశిక్షపడిన ప్రతి విచారణయు రద్దుకాదనియు న్యాయమూర్తి ఫజల్ అలీగారు వ్రాసిరి.

తీర్పునందలి గుణమును దాచుట విమర్శకు కళంకము. వకీలు లేమివలన నిందితుడు న్యాయమైన విచారణకే దూరమైనచో అప్పీలు కోర్టు చేతులు కట్టుకొని కూర్చుండనక్కరలేదని ఆ తీర్పే ఒప్పుకొన్నది. అమెరికాలో 1932లో పావెల్ కేసునందు, నిరుపేద నీగ్రో యువకులకు సరియైన వకీలు లేకుండ విధించిన మరణశిక్షలను అచ్చటి అత్యున్నత న్యాయస్థానము త్రోసిపుచ్చిన సంగతియు చర్చించినది. ఆ దేశపు రాజ్యాంగసూత్రము మనకు వర్తింపదని పక్కకు నెట్టినది.

మాకు సరిపడని దొక్కటే. లోపమును దిద్దవలసినది అప్పీలు కోర్టు అని 1951 మార్చిలో అన్న న్యాయస్థానమే, హైదరాబాదు హైకోర్టు తీర్పులు 1950 జనవరి 26కు పూర్వపువి గాన వానిపై అప్పీలు వినజాలమని 1950 డిసెంబరులో చెప్పియుండెను. తలుపు మూసినవారే ఆ తలుపుననే పొమ్మనిరి. తర్కమునకు లోటు లేదు, దారియే లేదు. ఆ ఖైదీలకు ఉరి తప్పినది ఈ తీర్పువలన గాదు, పిదప జరిగిన శిక్ష తగ్గింపువలన.

హంతకునికి వకీలేల యని పెద్దలు కొంద రడుగుదురు. హంతకుడో కాడో తేలకముందే హంతకుడనుట యెట్లు? ప్రాణము తీసిన ప్రతి చర్యయు హత్య కాదు. ఆత్మరక్షణకై కొట్టుట వేరు, హఠాత్తుగా రేగిన కోపమున కొట్టుట వేరు, పగబట్టి చంపుట వేరు. ఈ భేదములనుబట్టి ఒకడు విడుదల కావచ్చును, ఒకడు కొన్నియేండ్లు చెరలో నుండవచ్చును, ఒకడు ఉరికంబ మెక్కవచ్చును. అక్షరము రాని సేద్యగాడు వీనినెట్లెరుగును? సాక్షి చీకటిలో ముఖ మెట్లు గుర్తుపట్టెను, ఫిర్యాదు ఆలస్యమేల, గాయమునకును ఆయుధమునకును పొత్తు కుదురునా యని అడుగుట అతనికి చాతనగునా? వకీలు రక్షించునది నేరమును గాదు, నిజమును.

కాలము ‘వచ్చును’ను మెల్లగా ‘వలెను’గా మార్చినది. పేద నిందితునికి సెషన్సు విచారణలో సర్కారు ఖర్చుపై వకీలు నీయవలెనని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు శాసించెను. 2024 జూలైనుండి అమలులో నున్న నాగరిక్ సురక్షా సంహితయు నట్లే చెప్పుచున్నది. ఉచిత న్యాయసహాయము కలదని తెలుపకయే చేసిన విచారణ చెల్లదని 1986లో సుఖ్‌దాస్ కేసున సర్వోన్నత న్యాయస్థానమే పలికినది. 1951 నాటి లోపమును దిద్దుకొన్నట్లే యని మేము తలంతుము.

అయినను ‘వలెను’ కూడ పొట్టుగా మారవచ్చును. మధ్యప్రదేశమున నొక మరణశిక్ష కేసులో అభియోగము మోపిన నాడే వకీలును నియమించి, పక్షము దినములలో విచారణ ముగించిరి. 2019లో అనోఖీలాల్ తీర్పున సర్వోన్నత న్యాయస్థానము ఆ శిక్షను రద్దుచేసి, యావజ్జీవమో మరణమో పడదగిన కేసులకు పదేండ్ల అనుభవముగల వకీలునే నియమింపవలెననియు, అతనికి కనీస మేడు దినముల వ్యవధి నీయవలెననియు కట్టడి చేసినది. కేసు కాగితములు చదువని వకీలు నీళ్లులేని కడవ.

చదువరులారా, ఇది కోర్టుగోడల లోపలి మాటయే గాదు. దేవరకొండ ప్రాంతపు తండాలో పెనిమిటిని పోలీసులు పట్టుకొనిపోగా, ఒక యిల్లాలు పుస్తెలు కుదువబెట్టి దళారి చేతిలో పైకము పోయుటకు సిద్ధపడును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని, కస్టడీలో నున్నవారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే వకీలు నీయవలెనని 1987 నాటి న్యాయసేవల చట్టము చెప్పుచున్నది. ఆ మాట ఆమెకు చెప్పువారెవరు? 1931లో దేవరకొండకు చేరిన వకీళ్లు జనులకు నోరైరి. ఆ యిల్లాలు పుస్తెలు విప్పకముందే ఆ మాట ఆమె చెవిని వేయుట చదువుకొన్న మన బాధ్యత. చట్టములోని ‘వలెను’ ఆమె గుడిసె చేరువరకు మాకది ‘వచ్చును’గానే తోచుచున్నది.