వన్నెలు పుట్టించు భావములు

పగటివేళ ఎర్రగా కనిపించిన మందారము చీకటి పడగానే నల్లబడినట్లు తోచును. మారినది పువ్వు కాదు, చూపు. కంటిలోని రెటీనాయందు రెండు విధములైన గ్రాహకములు కలవు. శంకువులు వెలుతురులో రంగులను గుర్తించును. దండములు మసకవెలుతురులో పనిచేయునేగాని రంగులను వేరుపరుపజాలవు. కావున వన్నె లోపించిన దృశ్యము చూపరికి సంధ్యవేళను, నిశ్శబ్దమును స్ఫురింపజేయుటలో వింత లేదు. ఈ అనుభవమును కథకు చక్కగా వినియోగించుకొన్న వీడియో ఆట ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ది విండ్ వేకర్’. జపానుకు చెందిన నింటెండో సంస్థ దీనిని 2002లో వెలువరించెను.

2000లో ఆ సంస్థ చూపిన ఒక నమూనాలో కథానాయకుడు లింక్ నిజమైన మనిషి పోలికలతో ఉండెను. మరుసటి ఏడు అతడు కార్టూను బొమ్మవలె కనిపించగా, ఆట పసితనమునకు దిగినదని పలువురు నిరసించిరి. ఆ రూపమునకు ఆధారము ‘సెల్ షేడింగ్’ అను పద్ధతి. బంతిపై దీపకాంతి పడినపుడు వెలుగు క్రమక్రమముగా నీడలో కలిసిపోవును. ఈ పద్ధతిలో కంప్యూటరు ఆ ఛాయలన్నిటిని రెండు మూడు మెట్లుగా కుదించును. వివరములు తగ్గుటచే ముఖమున పెద్ద కన్నులు, కనుబొమలు ప్రధానమగును. లింక్ మాటలాడకయే భయమును, ఆశ్చర్యమును తెలుపగలుగుట అందుచేతనే.

కథలో అధికభాగము నీలిసముద్రముపై పడవ ప్రయాణము. ఆ సముద్రగర్భమున పూర్వము మునిగిపోయిన హైరూల్ రాజ్యము కలదు. లింక్ అచటి కోటను మొదట ప్రవేశించునప్పటికి కాలము స్తంభించి, కోట యావత్తు నలుపు తెలుపు ఛాయలలో ఉండును. రాక్షసులు సైతము శిలలవలె నిలిచియుందురు. అతడు ‘మాస్టర్ సోర్డ్’ అను ఖడ్గమును పెరుకగానే వన్నెలు తిరిగివచ్చును. వానితోపాటు రాక్షసులకు కదలికయు వచ్చును. ఆటకెల్ల ఇదియే ఉత్తమఘట్టము. ఆ వన్నెలు విడిగా చూచిన సామాన్యములే. కాని బూడిదవర్ణమునకు అలవడిన కంటికి అవి జీవమును, అపాయమును ఒక్కసారిగా తెచ్చును. నీలము శాంతమునకు, ఎరుపు క్రోధమునకు అని పట్టిక వ్రాసికొన్నంతమాత్రమున భావము పుట్టదు. ముందు వెనుకల భేదమునుండియే పుట్టును.

2013లో వెలువడిన నవీకృత రూపములో వెలుగులకు మెరుపును, నీడలకు మెత్తదనమును చేర్చిరి. సముద్రము మరింత శోభించినను, బొమ్మల స్ఫుటత్వము కొంత కరగినది. అలంకారము పెరిగినంతనే రసము పెరుగదు.

ఈ విషయమును తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఒక చిత్రము యొక్క నలుపు తెలుపు ప్రతిని ముందుగా, రంగుల ప్రతిని పిమ్మట చూపి విద్యార్థులచే తమకు తోచిన భావములను వ్రాయించవలెను. వేరొక తరగతికి వరుస మార్చి చూపవలెను. చిత్రములు అవియే, వ్రాతలలో తేడా కనిపించినచో అది వరుస తెచ్చినది కావచ్చును.