తుమ్మ చెక్కకు వరిమడిలో పనుందా?

యాసంగిలో నేరేడుచర్ల చుట్టూ, సాగర్ ఎడమ కాలువ కింది మడుల్లో రాత్రి చలీ పొద్దుటి మంచూ నాలుగు రోజులు వరసగా పట్టాయంటే రైతు చూపంతా ఆకు మీదే. నూలు కండె ఆకారంలో మచ్చ, నడుమ బూడిద రంగు: అగ్గితెగులు. యూరియా మోతాదు మించిన మడిలో మరీ ఎక్కువ. ఈ తెగులు తెచ్చే బూజే వెన్ను మెడకు పాకితే మెడవిరుపు, గింజంతా తాలు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి తినేవాళ్లకెంత ఇష్టమో, ఈ తెగులుకీ అంతే ఇష్టం.

మందు ట్రైసైక్లజోల్, లీటరు నీటికి 0.6 గ్రాములు. పనిచేస్తుంది, కాదనడం మొండితనం. అయితే 2018 నుంచి ఐరోపా తాను కొనే బియ్యంలో ఆ మందు అవశేషం హద్దును కిలోకు 0.01 మిల్లీగ్రాముకు కుదించింది. మన సన్నాలు ఓడ ఎక్కకపోవచ్చు, తినేది మనమేగా!

మందు వద్దనుకున్న రైతులు బూజుకు పుల్లటి మజ్జిగ, శొంఠి పాల కషాయం కొడతారు. వాళ్ల డ్రముల్లో ఆకులు, గింజలు, పేడ, మూత్రం అన్నీ ఉంటాయి, చెట్టు చెక్క, అంటే బెరడు, మాత్రం అరుదు. వింతే. ఏళ్ల తరబడి వానలో తడిసే చెట్టు బూజుకు లొంగకపోవడంలో దాని బెరడులోని టానిన్లకూ వాటా ఉంది. అవి మాంసకృత్తులను పట్టి బిగించేస్తాయి. తంగేడు పువ్వు బతుకమ్మకెక్కితే దాని చెక్క లందలోకి దిగి తోలును కుళ్లకుండా కాపాడింది. తెల్లతుమ్మకైతే సారాయి తుమ్మనే పేరుంది. సారా కాపులో పడే దాని చెక్క గుణం వ్యవసాయ శాఖ కన్నా ఎక్సైజ్ వాళ్లకే బాగా తెలుసేమో! బిర్యానీలో వేసే దాల్చిన చెక్క నూనెలోని సినమాల్డిహైడ్ కూడా బూజును అణచేదే.

అలాగని గొడ్డలి పట్టుకుని గట్టెక్కొద్దు.

ప్రయోగశాల గాజుపళ్లెంలో బూజును ఆపినంత మాత్రాన చెక్క కషాయం పొలంలో గెలిచినట్టు కాదు. చెట్టు చెట్టుకూ ఘాటు మారుతుంది, మంచుకు కడుక్కుపోతుంది, పైపూతే గనక ఆకు లోపలికి దిగిన తెగులును పట్టుకోలేదు. ఎకరాకు 200 లీటర్ల ద్రావణానికి చెక్క ఎంత కావాలి? పచ్చని చెట్టు బెరడు చుట్టూరా ఒలిస్తే వేరుకు తిండి అందక చెట్టే చస్తుంది. అందుకే ఈ కాలమిస్టు మొగ్గు నరికేసిన కొమ్మల చెక్క వైపే. మచ్చ కనపడక ముందే ఒక్క మడిలో కొట్టి, పక్క మడిని ఊరికే వదిలి, వారం తర్వాత రెండింట్లోనూ మచ్చలు లెక్కపెట్టాలి. ఆ లెక్క వచ్చేదాకా మిగతా పొలానికి యూరియా తగ్గించడమే చవకైన మందు.