మెట్లు మిగిలాయి, మరి ఆట?

పల్నాడులో పాత ఆరుబయలు రంగస్థలం ఏదంటే మా సత్తెనపల్లిలో చాలామంది అనుపు పేరే చెప్తారు. ఇక్ష్వాకుల విజయపురిలో, క్రీ.శ. 3-4 శతాబ్దాల నాటి కట్టడం అది. మధ్యలో దీర్ఘచతురస్రపు ఆటస్థలం, నాలుగు వైపులా మెట్ల వరసలు. సాగర్ నీళ్లలో మునగబోయే లోయలో 1954-60 మధ్య తవ్వకాలు జరిపి, తర్వాత దీన్ని అనుపులో మళ్లీ నిలబెట్టారు. గొప్ప పనే.

కానీ అక్కడ ఏం ఆడేవారు? కొందరు స్టేడియం అన్నారు, కొందరు రంగస్థలం అన్నారు. మనం మాత్రం మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి, ప్రతిధ్వని విని, సెల్ఫీ దిగి వచ్చేస్తాం. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డేటా అంతా కొత్త సర్వర్‌కి చేరింది, యూజర్లే లేరు.

అదే పల్నాడులో కారంపూడి చూడండి. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కట్టిన వేదిక లేదు, మెట్లు లేవు. వీరుల గుడి, ఊరి వీధులు, నాగులేరు గట్టు, అంతే. కొణతాలు పట్టినవాళ్లు నటులు కారు, వీరాచారం పాటించేవాళ్లు. 12వ శతాబ్దపు యుద్ధకథ చూసేవాళ్లందరికీ ముందే తెలుసు. మందపోరు నాడు బ్రహ్మనాయుడి చాపకూడును గుర్తుచేస్తూ కులాల తేడా లేకుండా కలిసి తింటారు. అక్కడ ప్రేక్షకుడు కూడా పాత్రే.

రంగస్థలాన్ని నిలబెట్టేది రాయి కాదు, మళ్లీ మళ్లీ వచ్చే జనం. అలాగని కారంపూడి తిరునాళ్లను అనుపుకి తరలించమనడం లేదు. అలా చేస్తే దాన్నీ మ్యూజియంలో పెట్టినట్టే. అనుపుకి కావలసింది దాని సొంత ఆట. ఆ మెట్ల ముందు మన ఊళ్ల నాటకాలు ఆడాలి. లేకపోతే మనం కాపాడుకున్నది ఖాళీ కుర్చీలే.