నొప్పికీ నొప్పికీ మధ్య

పుట్టగానే బిడ్డ ఏడవలేదనీ, ఉమ్మనీరు తాగేసిందనీ ఆసుపత్రి వరండాల్లో తరచూ వింటుంటాం. విన్న కుటుంబం దాన్ని తలరాత అనుకుని సరిపెట్టుకుంటుంది. అంతకుముందు లేబర్ రూమ్‌లో గడిచిన గంటల గురించి అడిగేవాళ్లు తక్కువ. గర్భసంచి బిగుసుకున్న ప్రతిసారీ మాయకు రక్తం అందడం తగ్గుతుంది. వదులైనప్పుడే బిడ్డ తేరుకుంటుంది. పది నిమిషాల్లో ఐదు నొప్పులు దాటాయంటే ఆ తేరుకునే వ్యవధి సరిపోదు. బొడ్డుతాడు జారడం, మాయ ముందే విడిపోవడం, గర్భసంచి చిట్లడం చాలాసార్లు చెప్పకుండా వచ్చి పడే ఉపద్రవాలు. నొప్పులు పెంచడానికి సెలైన్‌లో ఆక్సిటోసిన్ ఎక్కించి, పక్కన మనిషి లేకుండా వదిలేయడం మాత్రం అలాంటిది కాదు. అది పూర్తిగా మన చేతిలో ఉన్న తప్పు. బిడ్డ గుండెను వినే మనిషి లేనిచోట ఆ డ్రిప్ మొదలుపెట్టకూడదన్నదే నా వాదన.

పుట్టాక వైద్యం ఉంది కదా అనేవారున్నారు. మెదడు దెబ్బతిన్న శిశువును ఆరు గంటల్లోపు చల్లబరచడం మొదలుపెట్టి, మూడు రోజులపాటు శరీరాన్ని 33.5 డిగ్రీల దగ్గర ఉంచే పద్ధతి సంపన్న దేశాల్లో చాలామందిని కాపాడింది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు ఆసుపత్రుల్లో 408 మంది శిశువులతో జరిగిన హెలిక్స్ ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. చల్లబరిచిన శిశువుల్లో 42 శాతం మంది చనిపోయారు, మామూలు చికిత్స పొందినవారిలో 31 శాతం. మన దగ్గర దెబ్బ ఒక్కసారిగా తగలకుండా, నొప్పుల సమయంలో విడతలు విడతలుగా తగులుతుండవచ్చన్నది పరిశోధకులు ఇచ్చే వివరణల్లో ఒకటి. అదే నిజమైతే ఐసీయూ చేరేసరికే ఆలస్యమైపోయినట్టు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటుంది. 1998లో వెలువడిన పశ్చిమ ఆస్ట్రేలియా అధ్యయనంలో, పుట్టగానే మెదడు మందగించిన శిశువుల్లో 69 శాతం మందికి ప్రమాద కారణాలు కాన్పుకు ముందువే, కేవలం కాన్పు సమయంలోవి 5 శాతమే. దీన్ని కొట్టిపారేయలేం. అయితే సుమారు నాలుగో వంతు శిశువుల్లో రెండు రకాలూ కలిసి ఉన్నాయి. ఎదుగుదల తగ్గిన బిడ్డకో, బీపీ పెరిగిన తల్లి కడుపులోని బిడ్డకో తట్టుకునే నిల్వ తక్కువ. ముందే నీరసించిన బిడ్డ అన్న మాట గుండెను మరింత జాగ్రత్తగా వినడానికి కారణం కావాలి గానీ వదిలేయడానికి సాకు కాకూడదు. ఇక బిడ్డ గుండె వేగాన్ని ఆపకుండా నమోదు చేసే మానిటర్లు వచ్చినా సెరిబ్రల్ పాల్సీ తగ్గలేదనే వాదన. 1985లో ప్రచురితమైన డబ్లిన్ ప్రయోగంలో, దాదాపు 13 వేల మంది తల్లుల్లో, మానిటర్ పెట్టినవారి శిశువుల్లో ఫిట్స్ సగానికి తగ్గినా, నాలుగేళ్లకు సెరిబ్రల్ పాల్సీలో తేడా కనిపించలేదు. నిజమే. కానీ అక్కడ మానిటర్‌ను పోల్చింది పక్కనే ఉండి క్రమం తప్పకుండా వినే నర్సుతో. ఎవరూ వినని గదితో కాదు!

వినడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఒక చెయ్యి పొట్టమీద ఉంచి నొప్పులు లెక్కపెడుతూ, నొప్పి తగ్గుతుండగా డాప్లర్ పెట్టి, అది తగ్గాక కూడా వింటూ పూర్తి నిమిషం లెక్కించాలి. వినిపించేది తల్లి గుండె కాదని ఆమె నాడి పట్టి తేల్చుకోవాలి. నొప్పులు ఊపందుకున్నాక పావుగంట నుంచి అరగంటకోసారి, ముక్కే దశలో ఐదు నిమిషాలకోసారి. లెక్క 110కి, 160కి మధ్య ఉండాలి. నొప్పి పోయినా గుండె వేగం పుంజుకోకపోతే వెంటనే డ్రిప్ ఆపి, తల్లిని పక్కకు తిప్పి, డాక్టర్‌ను పిలవాలి. పొట్టమీద బలంగా నొక్కి బిడ్డను తోయడం మన దగ్గర ఇంకా మానలేదు, అది మానాల్సిందే.

అందరికీ సిజేరియన్ చేస్తే పోదా? ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ముందే తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్లు ఎన్ని పెరిగినా, రద్దీ వార్డులో నొప్పులు పడుతున్న తల్లి పక్కకు అదనంగా ఒక నర్సు రాదు. సిబ్బంది చాలరన్న మాట మాత్రం పచ్చి నిజం. చాలనప్పుడు డ్రిప్పుల సంఖ్య ఉన్న నర్సుల సంఖ్యను బట్టి ఉండాలి. వాయిదా వేయగలిగినవి వేయాలి, వేయలేని తల్లిని వినే మనిషి ఉన్న ఆసుపత్రికి సకాలంలో పంపాలి. డ్రిప్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పెంచారు, ప్రతిసారీ గుండె లెక్క ఎంత అన్నవి కేస్‌షీట్‌లో గంట, నిమిషంతో సహా రాయాలి, కుటుంబం అడిగితే చూపించాలి.