దిగులు, దిగిలు, తిగిల్: కోలారు పిల్లలూ కోవిడ్ నాటి సలహాల భాషా

కోలారు జిల్లాలో ఎన్నో ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. బంగారు గనుల పట్టణంలో వీటికి తమిళం తోడవుతుంది. ఇక్కడి పదిహేనేళ్ల పిల్లవాడు తన మనసు బాగాలేదని ఏ మాటతో చెప్పగలడు? కోవిడ్ కాలపు మానసిక ఆరోగ్య సలహాలను విమర్శించేవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదేనని మా అభిప్రాయం.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి, రైళ్లు ఆగాయి. 2001లో గనులు మూతపడ్డాక ఈ పట్టణంలో అనేక కుటుంబాలు బెంగళూరు రైలును నమ్ముకునే బతుకుతున్నాయి. ఇంట్లో సంపాదన ఆగిపోయిన ఆ రోజుల్లోనే పదో తరగతి పరీక్ష ఉంటుందా, ఉండదా అన్న సందిగ్ధం. చివరకు జూన్ 25న పరీక్షలు మొదలయ్యాయి. కర్ణాటకలో 8 లక్షలకు పైగా పిల్లలు నమోదైన పరీక్ష అది. మరుసటి ఏడు దాన్ని జులై 19, 22 తేదీలకు, రెండే రోజులకు కుదించారు.

ఇక మాటల సంగతి. యాంగ్జైటీకి తెలుగు పత్రికలు వాడే మాట ‘ఆందోళన’. అదే పత్రిక మరో పుటలో ధర్నానూ ఆందోళనే అంటుంది. కన్నడంలో యాంగ్జైటీకి ‘ఆతంక’ అంటారు. తెలుగు చెవికి అది ‘ఆటంకం’లా వినిపిస్తుంది. డిప్రెషన్‌కు కన్నడం ‘ఖిన్నతె’, తెలుగు ‘కుంగుబాటు’. రెండూ మంచి మాటలే గాని అమ్మతో చెప్పుకునే మాటలు కావు. ‘ఒత్తిడి’, ‘ఒత్తడ’ల మధ్య మాత్రం పేచీ లేదు.

పిల్లల నోట సహజంగా వచ్చే మాట ‘దిగులు’. చిక్కంతా అక్కడే ఉంది. తెలుగులో దిగులంటే ప్రధానంగా విచారం, బెంగ. కన్నడ ‘దిగిలు’ భయం. తమిళ ‘తిగిల్’ అయితే భీతి. “దిగులుగా ఉంది సార్” అన్న పిల్లవాడికి కన్నడ ఉపాధ్యాయుడు ‘భయపడకు’ అని ధైర్యం చెప్పి పంపవచ్చు. తెలియని మాటైతే అర్థం అడిగేవాడే! తెలిసినట్టుండే మాట ఆ ప్రశ్నను కూడా అడగనివ్వదు.

‘సామాజిక దూరం’ ఇంకొక ఉదాహరణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే ‘భౌతిక దూరం’ అనడం మేలని చెప్పినా, మన భాషల్లో పాతమాట పూర్తిగా పోలేదు. కులం పేర దూరం పెట్టడం ఎరిగిన వాడల్లో ఆ మాట ఎలా ధ్వనిస్తుందో అనువాదకులు ఆలోచించలేదు.

యూనిసెఫ్ 2021 నివేదిక ప్రకారం మానసిక సమస్యలకు ఇతరుల సాయం తీసుకోవడం మంచిదన్న భారతీయ యువత 41 శాతమే. 21 దేశాల సగటు 83. దీన్ని కేవలం సంకోచంగా లెక్కగట్టడానికి మేము ఒప్పుకోము. ప్రశ్న ఏ మాటల్లో అడిగారన్నదీ చూడాలి.

2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 20 భాషల్లో సాయం అందిస్తుంది. ఇది మేలైన మార్పే. అయితే అక్కడ తెలుగును ఎంచుకున్న కోలారు పిల్లవాడు ‘దిగులు’ అన్నప్పుడు, అవతలివారు ఆ మాటను వెంటనే కుంగుబాటు కిందనో భయం కిందనో రాసుకోకుండా, అది ఎప్పుడు వస్తోంది, నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా అని అడగవలసి ఉంటుంది.